పాప బల్ల

ఆ వార్తను మా ఇంట్లో అందరికంటే ముందు నా దగ్గరికి తెచ్చింది పాలిష్ చాచా. నేను వెనుక వసారాలో కూర్చుని, దేవుడి పటం మీది నిన్నటి పచ్చగన్నేరు పూలు తీసి బుట్టలో వేస్తున్నాను. మా షెడ్డులో చెక్కకు పాలిష్ పట్టేది ఆయనే కాబట్టి ఆయన వేళ్లు ఎప్పుడూ గోధుమరంగులోనే ఉండేవి. ఆ వేళ్లతో గడప తట్టి, చెప్పులు విడిచి, నా ముందు గొంతుక్కూర్చున్నాడు. ఎవరైనా వింటున్నారేమోనని ఒకసారి వెనక్కి చూశాడు.

“బేటీ, హాస్టల్ బల్లల కాళ్లన్నీ నీ సైజుల కోయించుకొచ్చిండు మీ నాయన.”

“నా సైజా?”

“నీదే. ఇరవై నాలుగు బల్లలకు. నువ్వు పీట మీద కూసుంటె సరిగ్గ సరిపోతయ్. మరి గ్రూప్స్‌కు చదివే పోరగాళ్లు మోకాళ్లు ఏడ పెట్టుకోవాలె? నెత్తి మీదనా?”

నేను నవ్వాను. ఎనిమిదేళ్ల పిల్లకు నవ్వు రాక ఏమొస్తుంది? ఆయన మాత్రం నవ్వలేదు. జేబులోంచి రుమాలు తీసి విప్పాడు. అందులో వాడిపోయిన పచ్చగన్నేరు రేక ఒకటి ఉంది.

“ఇది కొలత కర్ర కొనకు అంటుకొని ఉండె,” అన్నాడు. “కర్రకు పూలు పూస్తయా బేటీ?”

నా నవ్వు అక్కడే ఆగిపోయింది.

మా దుకాణం అప్పటికింకా దుకాణం కాదు. చిక్కడపల్లిలో ఒక సందు చివర కిరాయి ఇల్లు, ఇంటి వెనుక రేకుల షెడ్డు. తాత పాలమూరు దిక్కు నుంచి ఇళ్ల పనికి వచ్చి, ఏళ్ల తరబడి తెల్లవారగానే అడ్డా మీద నిలబడి, ఎవరు పిలిస్తే వాళ్ల ఇంటికి దర్వాజాలు, కిటికీలు బిగించినవాడు. ఎండలో ఇతరుల గుమ్మాలు నిలబెట్టీ నిలబెట్టీ, ఎప్పటికైనా నీడలో కూర్చుని సొంతంగా బల్లలు, కుర్చీలు చెయ్యాలని ఆయన ఆశ. అందుకే ఆ షెడ్డు వేశాడు. నాన్న ఆయన దగ్గరే పని నేర్చుకున్నాడు. చాచా పాలిష్‌కు కుదిరాడు. మొదటి ఏడాదంతా విరిగిన మంచాలు, ఊగే కుర్చీలు బాగుచెయ్యడంతోనే సరిపోయింది. ఆ తర్వాత అశోక్‌నగర్‌లో హాస్టల్ నడిపే ఒక అమ్మగారు ఇరవై నాలుగు చదువు బల్లలు చేసిమ్మన్నారు. అదే మాకు వచ్చిన మొదటి పెద్ద పని.

ఆ బల్లలకు కట్టె కూడా దేవుడు చూపించినట్టే దొరికింది. నారాయణగూడలో ఒక పాత ఇల్లు పడగొడుతుంటే దాని దూలాలు, దర్వాజాలు తాత అడిగి తెచ్చుకున్నాడు. మంచి టేకు. ఎవరి ఇంటి గుమ్మమో, ఎన్ని పండుగలకు పసుపు రాయించుకుందో గాని, చిత్రిక పడుతుంటే పొట్టులో ఇంకా పసుపు కనిపించేది. ఆ పొట్టును అమ్మ పొయ్యిలో వెయ్యనిచ్చేది కాదు. తులసి మొదట్లో పోయించింది. అంత కట్టె మళ్లీ దొరకదు. ఈ పని చెడితే షెడ్డు ఖాళీ చేసి తాత మళ్లీ అడ్డా మీదికి పోవలసిందే. ఈ సంగతి ఎవరూ నన్ను కూర్చోబెట్టి చెప్పలేదు. రేకుల షెడ్డులో మాటలకు తలుపులుండవు కాబట్టి నాకు తెలుసు.

నేను ఎప్పుడూ ఇంటి పట్టునే ఉండేదాన్ని. ఆరేళ్లప్పుడు కీళ్ల జ్వరం వచ్చి గుండె మీద పడింది. రెండేళ్లు బడికి పంపొద్దు, పరుగెత్తనివ్వొద్దు అన్నారు డాక్టరు గారు. ఆ రెండేళ్లు పెరిగి పెరిగి నా చదువంతా ఇంట్లోనే అయిపోయింది. అప్పట్లో మాత్రం చెప్పే మనిషి ఎవరూ దొరకలేదు. “ముందు బల్ల చేస్త. బల్ల ఉంటె పంతులు తనే వస్తడు,” అన్నాడు తాత. అలా హాస్టల్ బల్లల నడుమ నాకొక బుల్లి బల్ల మొదలైంది. పీట మీద కూర్చుని రాసుకునేందుకు.

తాతకు అక్షరం రాదు. టేపు కొనుక్కున్నాడు గాని, దాని మీది అంకెలు చీమల బారులా కనిపిస్తాయని పక్కన పడేశాడు. ఆయన కొలతలన్నీ కర్ర మీదే. ఒక్కో పనికి ఒక్కో సన్నటి కర్ర. దాని మీద ఉలితో గాట్లు: ఒక గాటు పెట్టినచోట బల్ల పొడవు, రెండు గాట్లు పెట్టినచోట వెడల్పు, మూడు పెట్టినచోట కాళ్ల ఎత్తు. పని నడిచినన్నాళ్లూ ఆ కర్ర గోడ మీద మేకుకు వేలాడాలి. పని అప్పగించిన రోజు దాన్ని విరిచి, జిగురు కాచే కుంపట్లో పెట్టి, ఆ మంట మీద టీ కాచేవారు. ఆ టీ ఇంటిల్లిపాదీ తాగాలి. పాలు లేకపోతే నల్ల టీ అయినా సరే. అది గొంతు దిగితేనే పని అయిపోయినట్టు.

ఆ వారం గోడ మీద రెండు కర్రలున్నాయి. ఎడమ మేకుది హాస్టల్ కర్ర, కుడి మేకుది నా కర్ర. రెండూ ఒకే పలక నుంచి చీల్చినవి, ఒకే పొడవు. ఏది ఏదో మేకును బట్టి తెలియడమే తప్ప వేరే గుర్తు లేదు.

మా పక్కింటి ప్రహరీ మీదుగా పచ్చగన్నేరు కొమ్మ ఒకటి మా వైపు వంగి ఉండేది. అందినవి నేను రోజూ కోసుకునేదాన్ని. ఆ ముందురోజు కింద ఒక్క పువ్వూ లేదు, పైన మాత్రం గుత్తులు గుత్తులు. షెడ్డులో ఎవరూ లేరు. నేను మేకులకున్న రెండు కర్రలూ తీసి, పురికొసతో ఒకదానికొకటి కట్టి, కొమ్మను కొట్టి పూలు రాల్చుకున్నాను. మా స్వామికి అన్ని పూలు అంతకు ముందెన్నడూ పెట్టలేదు. పటం కనపడకుండా పెట్టాను. ఆ సంతోషంలోనే ముడి విప్పి కర్రలను మళ్లీ మేకులకు తగిలించాను. ఎడమది కుడికి, కుడిది ఎడమకు.

అప్పటికే హాస్టల్ బల్లల పైపలకలు సరైన కొలతకు తయారై ఉన్నాయి. కాళ్లే మిగిలాయి. మర్నాడు పొద్దున తాత మరలు కొనడానికి కోఠి వెళితే, నాన్న ఆ రెండు కర్రలూ తీసుకుని రంపం మిషన్ దగ్గరికి వెళ్లాడు. హాస్టల్ బల్లలకు తొంభై ఆరు కాళ్లు నా కొలతకు కోయించాడు. నా బల్లకు నాలుగు కాళ్లు హాస్టల్ కొలతకు కోయించాడు.

“కోసేటప్పుడు నీకు అనుమానం రాలేదా?” అని తర్వాత అమ్మ అడిగింది.

“ఎందుకు రాలే? వచ్చింది. ఆయన గాటు పెట్టినంక నా అనుమానం ఎవనికి కావాలె?”

అది నిజమే. మా ఇంట్లో తాత గాటుకు ఎదురు చెప్పినవాళ్లు లేరు.

తాత మధ్యాహ్నానికి వచ్చి మరల సంచి కింద పెట్టాడు. కాళ్ల కుప్ప చూశాడు. అందులోంచి ఒక కాలు తీసి నేల మీద నిలబెట్టి, దాని పక్కన తానూ కూర్చున్నాడు. నాన్నే గట్టిగట్టిగా మాట్లాడాడు.

“నీ గాటు ప్రకారమే కోయించిన నాయనా! ఎడమ మేకుదే తీస్కపోయిన. చూస్కో కావాలంటె!”

“నా గాటే బిడ్డా,” అన్నాడు తాత, కర్రను వేలితో తడుముతూ. “నేనే మేకు మర్చిపోయి తగిలించిన్నేమో. వయసైతుంది గద.”

నాన్న కోపం నాకు కొత్త కాదు. తాత ఆ మాట అన్నాకే నాకు ఏడుపొచ్చింది. చాచా వైపు చూశాను. ఆయన డబ్బాలో పాలిష్ కలుపుతూ కూర్చున్నాడు, తల ఎత్తలేదు. లోపలికి పోయి స్వామి ముందు కూర్చుని, కాళ్లు పొడుగు చెయ్యమని మొక్కుకున్నాను. తొంభై ఆరూ ఒకేసారి కష్టమైతే నాలుగు నాలుగుగా చెయ్యమన్నాను. తెల్లవారి లేవగానే షెడ్డులోకి పోయి చూశాను. ఒక్కటీ పెరగలేదు. నా బుల్లి బల్లకు మాత్రం నాన్న అప్పటికే ఆ పొడుగు కాళ్లు బిగించేసి ఉన్నాడు, ఎలా కనిపిస్తుందో చూద్దామని. చిన్న పలక, పొడుగాటి కాళ్లు. అచ్చం కొంగలా నిలబడింది.

“ఒక హాస్టల్ బల్ల బిగించు,” అన్నాడు తాత నాన్నతో. “తీస్కపోయి చూపిస్త. ఒట్టి మాటలతోని చెప్తె ఆమెకు తెల్వది.”

“చూపిచ్చినంక?”

“చూసినంక ఆమె ఏమంటె గదే. వద్దంటె షెడ్డు తాళం వాపస్ ఇద్దం.”

చాచా తన సైకిల్ వెనుక బల్లను తాడుతో కట్టాడు. “పాపను గూడ తీస్కపోదాం,” అన్నాడు. పాప ఎందుకని నాన్న అడిగితే, “గాలి మారుతది” అన్నాడు. నన్ను సైకిల్ ముందు కడ్డీ మీద టవల్ మడిచి కూర్చోబెట్టాడు. ఆయన తోస్తూ, తాత పక్కన నడుస్తూ, మేము చిక్కడపల్లి రోడ్డు దాటి అశోక్‌నగర్ వైపు మళ్లాం. తాత ఎవరో పలకరిస్తే ఒక అడుగు వెనకబడ్డాడు. అప్పుడు చాచా నా చెవి దగ్గర వంగి అన్నాడు:

“నేను చెప్ప బేటీ. ఆ రేక నా జేబులనే ఉంటది. నీ మాట నువ్వే చెప్పాలె. గని నువ్వు చెప్పేటప్పుడు నేను పక్కనే ఉంట.”

ఇంతవయసొచ్చాక ఆలోచిస్తే, ఒక పిల్లకు అంతకంటే పెద్ద ధైర్యం ఎవరివ్వగలరు అనిపిస్తుంది. అప్పుడు మాత్రం ఆ సైకిల్ మీంచి దిగి పారిపోవాలనిపించింది.

హాస్టల్ అమ్మగారు గుంటూరు వైపు మనిషి. గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. మేము తాళ్లు విప్పి బల్లను వాకిట్లో దించగానే కళ్లజోడు సర్దుకుని చూశారు.

“ఏంటండీ ఇది? బల్ల చెయ్యమంటే పీట చేసుకొచ్చారు. పెళ్లికూతురేదీ?”

“ఇగో, ఈమెనే,” అన్నాడు చాచా నన్ను చూపించి.

ఆవిడకు నవ్వొచ్చింది గాని నవ్వలేదు. తాత తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

“తప్పైంది తల్లీ. కాళ్లు పొట్టిగ కోసినం. అన్నిటికీ గట్లనే. మిగిలినయన్ని పొట్టి ముక్కలే, మళ్ల కోసేటందుకు కట్టె లేదు. దాస్తె రేపైనా తెలుస్తది, అందుకే చూపిస్తున్న.”

“సోమవారం మిగతా పిల్లలొచ్చేస్తున్నారు. వాళ్లకేం చెప్పాలి నేను? బల్లలు చేసే తాతగారు కాళ్లు మరిచిపోయారని చెప్పనా?” అన్నారు ఆవిడ. “మీ వయసుకి మర్యాదిచ్చి పని మీకు చెప్పాను. ఇప్పుడు ఇంకోచోటికి పరుగెత్తాలి.”

“వయసే తల్లీ. వయసే మోసం చేసింది,” అన్నాడు తాత.

ఆ మాట రెండోసారి వినలేకపోయాను. “తాత కాదు!” అన్నాను. నా గొంతు నాకే వింతగా వినిపించింది. “కర్రలు నేనే మార్చిన. పూల కోసం తీసిన. రెండు కట్టి కొమ్మను కొట్టిన. మళ్ల పెట్టేటప్పుడు మేకులు మారినయ్. తాత ఏం మర్వలేదు.”

చాచా చెయ్యి నా భుజం మీదికి వచ్చింది. తాత నా వైపు తిరిగాడు. ఆయన మొహంలో కోపం కోసం వెతికాను, దొరకలేదు. ఏదో బరువు దించుకున్నవాడిలా ఊపిరి వదిలాడు.

“రెండు కర్రలు కట్టినవా?” అన్నాడు.

“ఊఁ.”

“ముడి ఎట్ల వేసినవ్? కొట్టేటప్పుడు ఊడలేదా?”

“రెండు సుట్లు చుట్టి మధ్యల నుంచి తీసిన.”

“చూసినవా,” అన్నాడు చాచాతో, గర్వంగా. “నేను నేర్పలేదు. తనంతట తనే!”

అమ్మగారు ఇక ఆపుకోలేక నవ్వేశారు. నవ్వుతూనే, “ముడి బాగానే ఉందండీ, నా బల్లల సంగతేంటి?” అన్నారు.

అంతలో నల్లా దగ్గర బట్టలు ఉతుక్కుంటున్న ఒక అబ్బాయి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. మూలగదిలో ఉండేవాడు. మాటలన్నీ విన్నట్టున్నాడు. లోపలికి వెళ్లి ఒక లావుపాటి పుస్తకం, కాగితాలు తెచ్చి, బల్ల ముందు నేల మీద బాసింపట్టు వేసి కూర్చున్నాడు. పుస్తకం ఒక పక్క తెరిచాడు, కాగితాలు ఒక పక్క పరిచాడు, ఇంకా మోచేతులకు చోటు మిగిలింది. రాయడం మొదలుపెట్టాడు. మేమందరం ఆయన పెన్ను వైపే చూస్తూ నిలబడ్డాం.

“అమ్మా, ఇది నాకు సరిపోయింది,” అన్నాడు తలెత్తకుండానే. “ఇంటికాడ చాప మీదనే చదివిన. కుర్చీల కూసుంటె నాకు కాళ్లు గుంజుతయ్, నిద్రొస్తది. పొడుగు బల్ల వద్దు. గిదే ఇయ్యి.”

“ఏ ఊరు బిడ్డా నీది?” అన్నాడు తాత.

“పాలమూరు దిక్కు.”

“మాది గూడ ఆ దిక్కే!”

“మరి గట్లయితె తప్పెట్లయితది తాతా? మనోళ్ల కొలతనే.”

మిద్దె మీంచి ఇంకో ఇద్దరు దిగి వచ్చారు. “జర లేరా, నేను చూస్త” అంటే “లేవ, నాది అయిపోయింది” అని వాదించుకున్నారు. చివరికి అమ్మగారే “తప్పుకోండి నాయనా, నేను చూస్తాను” అని చీర కుచ్చిళ్లు సర్దుకుని కూర్చున్నారు. బల్ల మీద రెండు చేతులూ ఆనించి, గోడవైపు ఏదో దూరం కొలుస్తున్నట్టు చూశారు.

“రెండు మంచాల మధ్య కుర్చీలెక్కడ పట్టించాలా అని నెల రోజులుగా నాకు నిద్ర లేదు,” అన్నారు. “దీనికి కుర్చీయే అక్కర్లేదుగా! పడుకునేటప్పుడు మంచం కిందికి తోసేసుకోవచ్చు.” తర్వాత లేవబోయారు, లేవలేకపోయారు. “చూస్తారేంటయ్యా, పట్టుకోండి!” అంటే ఇద్దరు అబ్బాయిలు చెరో చెయ్యి పట్టి లేపారు. లేచాక, పైట సర్దుకుని, “మిగతా ఇరవై మూడూ ఎప్పుడు తెస్తారు?” అని అడిగారు.

తాత తలపాగా చుట్టుకోవడం మరిచిపోయి దాన్ని చేతిలోనే పట్టుకుని ఇంటిదాకా నడిచాడు. దారిలో చాచా సైకిల్ బెల్లు అవసరం లేకపోయినా మోగిస్తూనే ఉన్నాడు. నేను మాత్రం కొమ్మను కొట్టింది నేను, పూలు తీసుకుంది స్వామి, కాబట్టి ఇద్దరం సమానమే అని లెక్క వేసుకున్నాను.

ఆదివారం నాటికి బల్లలన్నీ హాస్టల్ చేరాయి. మోయడానికి ఆ పాలమూరు అన్న కూడా వచ్చాడు. మేమంతా ఆయన్ను అలాగే పిలిచాం. కూలి తీసుకొమ్మంటే తాగడానికి టీ చాలన్నాడు. అందుకని షెడ్డుకు తీసుకొచ్చారు. తాత ఆచారం ప్రకారం ఎడమ మేకు కర్ర తీసి విరవబోతుంటే అన్న ఆపాడు.

“దీని మీద పేరు రాయరా తాతా?”

“రాసేటోడేడి? రాత లేకనే గద ఇంత రంది.”

అన్న తాత చెవి వెనకనున్న పెన్సిల్ తీసుకున్నాడు. ఒక కర్ర మీద ‘హాస్టల్’ అని రాశాడు. రెండోదాని మీద తాను రాయలేదు. పెన్సిల్ నా వేళ్లలో పెట్టి, నా చెయ్యి పట్టుకుని రాయించాడు.

“ఇది పా. ఇది ప. రెండూ ఒక్కటే పలక. దీనికి దీర్ఘం ఉంది, పొడుగు కాళ్ల బల్ల. దీనికి లేదు, పొట్టి కాళ్ల బల్ల. తెలిసిందా?”

తెలిసింది. అంత బాగా నాకు ఈ లోకంలో ఇంకేదీ తెలియలేదు. పొడుగు కాళ్ల బల్ల, పొట్టి కాళ్ల బల్ల. నా మొదటి మాట ‘పాప’. ఆ రోజు ఆ కర్రలను కాల్చలేదు. అమ్మ ఇంటి పొయ్యి మీద టీ పెట్టింది. “కర్ర లేకుంటె రుచి లేదు” అంటూనే తాత రెండు గ్లాసులు తాగాడు.

తాత అన్నట్టే, బల్ల వచ్చాక పంతులు వచ్చాడు. ఒక్కడు కాదు. ఆ తర్వాత హాస్టళ్ల నుంచి ఎవరు విరిగిన కుర్చీ తెచ్చినా తాత ఒకటే అడిగేవాడు: “నీకేం వస్తది?” భూగోళం అంటే, “అయితె కాలు అతికేలోపు మా పాపకు భూగోళం చెప్పు” అనేవాడు. అలా నాకు నదులు ఒకరు చెప్పారు, రాజ్యాంగం ఒకరు, వడ్డీ లెక్కలు ఒకరు. కరీంనగర్ వాళ్లు ఒక యాసలో, శ్రీకాకుళం వాళ్లు ఒక యాసలో. ఎవరి పరీక్షకు ఏది అవసరమో అది నాకు చెప్పి తాము మరోసారి చదువుకునేవారు. పదేళ్ల పిల్లగా నాకు ఒక్క ఆటపాట రాదు గాని గవర్నరును ఎవరు నియమిస్తారో చెప్పేదాన్ని. ఎవరో చుట్టం వచ్చి “పద్యం చెప్పు పాపా” అంటే నేను ప్రాథమిక హక్కులు వరుసగా అప్పజెప్పాను. ఆ చుట్టం భయపడి పండు నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

కొంగ కాళ్ల నా బల్ల ముందు రెండు ఇటుకలు పేర్చి, వాటి మీద నిలబడి చదివేదాన్ని. కాళ్లు కోస్తానని నాన్న ఎన్నిసార్లన్నా నేను ఒప్పుకోలేదు.

పొట్టి కాళ్ల బల్లలు మాత్రం మా ఇల్లు నిలబెట్టాయి. ఆ హాస్టల్ పిల్లలు వేరే హాస్టళ్లకు మారినప్పుడు బల్లను చంకన పెట్టుకుని పోయారు. అక్కడివాళ్లు చూసి అడిగారు. తాతను “ఇదేం బల్ల?” అంటే “మా పాప కొలత, పాప బల్ల” అనేవాడు. ఆ పేరే ఉండిపోయింది. నల్లకుంట నుంచి, హిమాయత్‌నగర్ నుంచి కూడా పాప బల్ల కావాలని వచ్చేవారు. రేకుల షెడ్డు పోయి అదే సందులో రెండు షట్టర్ల దుకాణమైంది. మంచాలు, బీరువాలు, దేవుడి మందిరాలు, అన్నీ చేశాం. తాత చివరి దాకా నీడలోనే కూర్చుని పని చేశాడు, ఆయన కోరుకున్నట్టే. ఆ సంతోషం చూడనిచ్చినందుకు స్వామికి రోజూ చెప్పుకుంటాను.

ఇప్పుడు దుకాణం నేను చూసుకుంటున్నాను. నాన్న మిషన్ దగ్గర కుర్చీ వేసుకుని పనివాళ్ల మీద అరుస్తుంటాడు. కొలతలు తీసే మిషన్ కూడా కొన్నాం, ఎర్రటి చుక్క గోడ మీద పడుతుంది. అయినా ఒక్కో పనికి ఒక్కో కర్ర ఉంటుంది. దాని మీద పేరు నేను రాస్తాను. చాచా చూపు తగ్గింది. శుక్రవారం నమాజు అయ్యాక వచ్చి, చెక్కను వాసన చూసి, “పాలిష్‌ల ఏం కలిపిన్రు రా, నీళ్లా?” అని కుర్రవాళ్లను పరేషాన్ చేసి పోతాడు. ఆ పచ్చగన్నేరు రేక సంగతి ఇప్పటికీ మా నాన్నకు చెప్పలేదు. ఎవరైనా ఈ రాత చదివి వినిపిస్తేనే తెలియాలి.

మొన్న ఒక అమ్మాయి వచ్చింది, వనపర్తి నుంచి, పోటీ పరీక్షలకు.

“అక్కా, పాప బల్ల ఉందా? ఫోన్ చార్జర్ వైరు పోయేటందుకు బొక్క ఉండేది.”

“ఉంది.”

“పాప అంటె ఎవరక్కా? మీ బిడ్డనా?”

నేను జవాబు చెప్పేలోపే నాన్న వెనక నుంచి, “గా కళ్లద్దాలు పెట్టుకుని, తల నెరిసి కూసున్నది చూడు, గామెనే పాప!” అన్నాడు. ఆ అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను. బల్ల కింద చెక్క మీద ఎప్పటిలా పెన్సిల్‌తో రెండక్షరాలు రాసి ఇచ్చాను. పొడుగు కాళ్లది ముందు, పొట్టి కాళ్లది తర్వాత.

కొంగ బల్ల ఇప్పుడు దుకాణంలో గల్లా పక్కన ఉంది. దాని మీద స్వామి పటం, పటం వెనుక ఆ రెండు కర్రలు. పొద్దున షట్టరు ఎత్తగానే పూలు పెడతాను, ఎక్కువ పెట్టను, పటం కనిపించేలా పెడతాను. పూలు పెట్టిన ప్రతిసారీ ఒక మనిషి గుర్తొస్తాడు.

పాలమూరు అన్న రెండేళ్లున్నాడు. ఆయన రాసిన పరీక్షలో ఆయన పేరు రాలేదు. ఊరికి పోయే రోజు దుకాణానికి వచ్చి తాతకు దండం పెట్టాడు. తన పొట్టి బల్లను పరుపు చుట్టతో కలిపి కట్టుకున్నాడు, బస్సు మీద వేసుకుని తీసుకెళతానన్నాడు. నా చేత ‘మళ్ళీ వస్తాను’ అని రాయించాడు. మళ్లీ రాలేదు. వేలమంది పేర్లు కర్రల మీద రాసినదాన్ని, నాకు అక్షరం పెట్టిన మనిషి పేరు అడగలేదు. చిన్నదాన్ని, అన్న అంటే సరిపోతుందనుకున్నాను.

చదివే మీకు నాదొక విన్నపం. మీ ఇంట్లో దీపం పెట్టేటప్పుడో, దువా చేసేటప్పుడో, లేదా ఊరికే నేల మీద బాసింపట్టు వేసుకుని ఏదైనా రాసుకునేటప్పుడో, ఒక్కసారి ఆయన్ను తలుచుకోండి. అందరూ తప్పని అన్న బల్ల ముందు తడిచేతులు తుడుచుకుని కూర్చుని, “ఇది నాకు సరిపోయింది” అన్న అన్నను.